ఎవరి కోళ్ళు, ఎవరి పని? – ఒప్పంద రైతు స్వతంత్రతను గురించి

తెలుగు కథలో, నవలలో రైతును గుర్తుపట్టడం కష్టం కాదు. 1922 నాటి 'మాలపల్లి' నుంచి 1960లలో వచ్చిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' దాకా, ఆ తరువాత రాయలసీమ కరువును, తెలంగాణా పోరాటాలను చిత్రించిన రచనల దాకా రైతు చుట్టూ ఉండే శక్తులు మనకు పరిచితమైనవే: భూమి, వాన, అప్పు, భూస్వామి, షావుకారు, మార్కెట్టు. ఈ శక్తుల నడుమ అతని స్థానం ఏమిటో రచయితకు తెలుసు. అతడు పండించిన పంట అతనిది. దానిని ఇతరులు కాజేస్తారు. కథలోని సంఘర్షణ అక్కడే పుడుతుంది.

గత ముప్ఫై ఏళ్ళలో మన పల్లెల్లో ఈ చట్రంలో ఇమడని మనిషి ఒకడు కనిపిస్తున్నాడు. అతడు బ్రాయిలర్ కోళ్ళను ఒప్పందం మీద పెంచే రైతు. షెడ్డు అతనిది. షెడ్డు కింది భూమి అతనిది. దాని కోసం తెచ్చిన బ్యాంకు అప్పు అతని పేరనే ఉన్నది. లోపల తిరిగే ఐదువేల కోళ్ళలో మాత్రం ఒక్కటి కూడా అతనిది కాదు. అవి తినే దాణా అతనిది కాదు. వాటికి మార్కెట్టులో ఎంత ధర పలుకుతున్నదో పత్రికలో చూసి తెలుసుకుంటాడు గాని, ఆ ధరతో అతనికి నేరుగా సంబంధం లేదు. అయినా "నువ్వేం చేస్తావు?" అని అడిగితే "కోళ్ళ ఫారం ఉంది" అనే చెబుతాడు. "కోళ్ళ ఫారంలో పని చేస్తాను" అని అనడు.

ఈ మనిషిని గురించి కథలు రావడం మొదలైంది. నేను చదివిన వాటిలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. ఒకటి, అతన్ని స్వయంకృషితో పైకి వచ్చిన చిన్న యజమానిగా చూపే ధోరణి. రెండవది, అతన్ని కొత్తరకం వెట్టివాడుగా, కంపెనీ కాళ్ళ కింద నలిగే నిస్సహాయుడిగా చూపే ధోరణి. మొదటి దానిలో అప్పు కనిపించదు. రెండవ దానిలో పని కనిపించదు. రెండవ ధోరణి వారి సానుభూతి మనకు సమ్మతమే. కాని ఆ రైతు తన పనిలో తాను స్వతంత్రుణ్ణని గట్టిగా నమ్ముతున్నాడు. ఆ నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో వివరించకుండా, అది వట్టి భ్రమ అని కొట్టివేస్తే పాత్ర బొమ్మ అయిపోతుంది. ఆ నమ్మకానికి ఉన్న భౌతిక ఆధారం ఏమిటి, దాని హద్దులు ఎక్కడ, అది ఎవరికి ఉపయోగపడుతున్నది అనే మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఏర్పాటు ఏమిటి?

కంపెనీ ఒకరోజు వయసున్న పిల్లలను, దాణాను, మందులను, టీకాలను తెచ్చి ఇస్తుంది. రైతు షెడ్డు, నీరు, కరెంటు, నేల మీద పరిచే ఊక, పిల్లలకు వెచ్చదనం కోసం గ్యాసు లేక బొగ్గు, పనిచేసే చేతులు సమకూరుస్తాడు. సుమారు ముప్ఫై అయిదు నుంచి నలభై రెండు రోజులలో పిల్ల రెండు కిలోల కోడి అవుతుంది. అప్పుడు లారీ వస్తుంది, కాటా వేస్తారు, ఎత్తుకుపోతారు. కిలోకు ఇంత అని రైతుకు పెంపకం చార్జీ ముడుతుంది. ఊక, రెట్ట కలిసిన ఎరువు సాధారణంగా రైతుకు మిగులుతుంది. దీనినే మనవాళ్ళు ఇంగ్లీషు మాటతో 'ఇంటిగ్రేషన్' అంటున్నారు. అంటే గుడ్డు పొదిగించడం, దాణా మిల్లు, పెంపకం, అమ్మకం అన్నీ ఒకే పెట్టుబడి కిందికి రావడం.

దీనిని గుడ్ల ఫారాలతో కలపరాదు. తణుకు, విజయవాడ ప్రాంతాలలో గుడ్ల కోళ్ళు పెంచే రైతుకు కోళ్ళు సొంతం, గుడ్లు సొంతం. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ప్రకటించే ధరను చూసుకుంటూ లాభనష్టాలు తానే మోస్తాడు. అతడు పాత అర్థంలో సరుకు ఉత్పత్తిదారు. బ్రాయిలర్ ఒప్పంద రైతు అమ్మేది కోడిని కాదు గనుక అతన్ని అదే గాటన కట్టడం పొరపాటు అవుతుంది.

మన పల్లెల్లో జంతువులను ఇతరుల చేత పెంచించడం కొత్త కాదు. మేకనో, పడ్డనో, పెట్టనో 'పాలికి' ఇవ్వడం ఉండేది. పెంచినవాడికి పుట్టిన పిల్లల్లో వాటా దక్కేది. రెండు మూడు ఈతలయ్యేసరికి పాలికి పెంచినవాడు కూడా నాలుగు మేకల యజమాని అయ్యే వీలుండేది. ఆ ఏర్పాటులో దోపిడీ లేదని నేననను. కాని జంతువు పునరుత్పత్తి శక్తి పెంచేవాడి చేతుల మీదుగా సాగేది. నేటి బ్రాయిలర్ పిల్ల మేలుజాతి తాతతరం, దాని నుంచి తల్లితరం, దాని నుంచి వచ్చిన సంకరం. దానిని పెంచి గుడ్లు పొదిగించినా అదే గుణాలున్న పిల్లలు రావు. ఆ మూల జాతులు ప్రపంచం మొత్తం మీద కొద్ది సంస్థల చేతుల్లో ఉన్నాయి. విత్తనాన్ని దాచుకునే రైతుకు, ప్రతి పంటకూ విత్తనం కొనుక్కునే రైతుకు మధ్య ఉన్న తేడాయే పాలికి మేకను పెంచినవాడికి, ఒప్పందం మీద కోడిని పెంచేవాడికి మధ్య ఉన్నది.

ఈ పద్ధతి పుట్టింది అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో. 1930లలో జార్జియాలోని గెయిన్స్‌విల్‌లో జెస్సీ జ్యువెల్ అనే దాణా వర్తకుడు, పత్తి సాగు దెబ్బతిని చేతిలో డబ్బులేని రైతులకు పిల్లలను, దాణాను అరువిచ్చి, పెరిగిన కోళ్ళను తానే తీసుకునేవాడు. అరువు వ్యాపారం క్రమంగా ఒప్పందంగా మారింది. మన దేశంలో ఇది 1990ల నుంచి తమిళనాడు పశ్చిమ ప్రాంతమైన కోయంబత్తూరు, పల్లడం, ఉడుమలపేటలలో బలపడి, తరువాత తెలుగునాటికి వచ్చింది. షాద్‌నగర్, చేవెళ్ళ, గజ్వేల్, సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో పొలాల మధ్య పొడుగాటి షెడ్లు ఇప్పుడు మామూలు దృశ్యం. అక్కడ పత్తి దెబ్బతిన్న రైతు, ఇక్కడ బోరు ఎండిన రైతు. సేద్యం నిలబెట్టలేనిచోట ఈ ఏర్పాటు కాలు మోపడం యాదృచ్ఛికం కాదు.

2. షెడ్డులో ఒక రోజు

స్వతంత్రత అనే మాటను గాలిలో చర్చించే బదులు పనిలో చూద్దాం.

పిల్లలు దిగిన మొదటి వారం బ్రూడింగు కాలం. ఊక పరిచి, దాని మీద పాత పేపర్లు పరిచి, రేకు గుండ్రంగా చుట్టి లోపల పిల్లలను వదులుతారు. కంపెనీ చార్టులో ఇన్ని డిగ్రీల వేడి ఉండాలని రాసి ఉంటుంది. రైతు చార్టును ఒకసారి చూసి, పిల్లలను పదిసార్లు చూస్తాడు. పిల్లలన్నీ దీపం కింద కుప్పగా చేరితే చలి వేస్తున్నట్టు. దీపానికి దూరంగా రేకు అంచులకు పోయి నోళ్ళు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. ఒకే పక్కకు జరిగితే ఎక్కడి నుంచో గాలి కొడుతున్నట్టు. వలయమంతా సమంగా పరుచుకుని తింటూ తాగుతూ ఉంటే అంతా సరిగా ఉన్నట్టు. రాత్రి రెండుగంటలకు లేచి చూసి, దీపం ఒక జానెడు పైకి కట్టాలా కిందికి దించాలా అని నిర్ణయించేది అతడే. ఆ సమయంలో కంపెనీ సూపర్‌వైజరు తన ఇంట్లో నిద్రపోతుంటాడు.

తరువాత కొక్కెర తెగులు టీకా, గంబోరో టీకా. వానాకాలంలో ఊక తడిసి ఘాటు వాసన వస్తే కళ్ళు మండుతాయి, కోళ్ళకు దగ్గు పడుతుంది. ఊకను తిరగేయాలి, సున్నం చల్లాలి. మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటితే దాణా ఎత్తి కట్టాలి, రేకుల మీద నీళ్ళు కొట్టాలి, పక్క పరదాలకు తడి గోనెలు వేలాడదీయాలి, కూలబడిన కోళ్ళను నెమ్మదిగా లేపి తిప్పాలి. గంట ఆలస్యమైతే ముప్ఫై అయిదో రోజు కోళ్ళు వందల లెక్కన పడిపోతాయి. ఏ కోడి మందకొడిగా ఉంది, ఏ మూల రెట్ట రంగు మారింది, నిన్నటికంటే నీళ్ళు తక్కువ తాగాయా అనేది యంత్రం చెప్పలేదు. షెడ్డులోకి అడుగు పెట్టగానే వచ్చే అలికిడిని బట్టి మంద ఆరోగ్యం చెప్పగలిగినవాళ్ళున్నారు. ఇది నిజమైన నైపుణ్యం. దీనిని గుర్తించని వాస్తవికత వాస్తవికత కాదు.

మా బడి పిల్లల తండ్రుల్లో కొందరికి షెడ్లున్నాయి. వారిలో ఒకాయన నాతో అన్న మాట ఇది: "పరదా ఎప్పుడు దించాల్నో ఎప్పుడు లేపాల్నో నాకు చెప్పెటోడు లేడు సార్. మా తమ్ముడు పట్నంల వాచ్‌మన్ చేస్తడు. ఆయన కుర్చీల కూసోవాల్నన్నా ఎవర్నో అడగాలె. నేనెవ్వర్నీ అడగ." ఈ మాటలో అబద్ధం లేదు. కూలికి పోయి మాటపడిన వంశాల నుంచి వచ్చిన మనిషికి, తనను పేరుపెట్టి పిలిచి తొందరపెట్టే మేస్త్రీ లేకపోవడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువ చేసే హక్కు మనకు లేదు.

అయితే ఇదే మనిషిని ఇంకొన్ని ప్రశ్నలు అడగాలి. ఏ జాతి పిల్ల వస్తుంది? కంపెనీ ఇష్టం. ఎన్ని వస్తాయి? కంపెనీ ఇష్టం. ఎప్పుడు వస్తాయి? వాళ్ళు ఫోన్ చేసినప్పుడు. దాణాలో ఏముంది? సంచి మీద చీటీ ఉంటుంది. మందు ఏది? సూపర్‌వైజరు రాసినది. ఏ రోజు కోళ్ళను ఎత్తుతారు? మార్కెట్టును చూసి వాళ్ళు నిర్ణయిస్తారు. పక్కింటివాడి నాటుకోడిని పెరట్లో పెంచుకోవచ్చా? కూడదు, రోగం వస్తుంది.

దీనినిబట్టి స్వతంత్రతలో మూడు అంతస్తులను వేరు చేయవచ్చు. ఏమి, ఎంత, ఎప్పుడు, ఎవరి కోసం ఉత్పత్తి చేయాలనేది మొదటి అంతస్తు. ఏ పద్ధతిలో, ఏ సాధనాలతో చేయాలనేది రెండవది. పద్ధతి ఖాయమయ్యాక, గడియ గడియకూ పరిస్థితిని చూసి చేయి ఎలా కదపాలనేది మూడవది. మొదటిది రైతు చేతిలో అసలు లేదు. రెండవదానిలో షెడ్డు అతనిదే గాని, దాని పొడవు, వెడల్పు, దిక్కు, నీటి గొట్టాల తీరు కూడా కంపెనీ చెప్పినట్టే ఉండాలి. మూడవది పూర్తిగా అతనిది. ఆయన నాతో చెప్పిన స్వతంత్రత ఈ మూడవ అంతస్తుది. అది ఉన్న మాట నిజం. అదే మొత్తం అనుకోవడంలో చిక్కు ఉన్నది.

3. లెక్క కాగితం

మూడవ అంతస్తులోని స్వతంత్రత కంపెనీకి ఎలా పనికి వస్తుందో తెలుసుకోవాలంటే, బ్యాచి ముగిశాక రైతు చేతికి వచ్చే లెక్క కాగితం చదవాలి. దానిలో ముఖ్యమైనది, కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా పట్టిందనే అంకె. ఉదాహరణకు ఐదువేల పిల్లలు వేశారనుకుందాం. ఇరవైకి ఒకటి చొప్పున పోయి 4,750 మిగిలాయి. సగటున రెండు కిలోల లెక్కన 9,500 కిలోలు తూగాయి. కిలోకు 1.65 కిలోల దాణా పడితే మొత్తం 15,675 కిలోలు. 1.75 పడితే 16,625 కిలోలు. తేడా 950 కిలోలు, అంటే యాభై కిలోల సంచులు పందొమ్మిది. దశాంశ బిందువు తరువాత ఒక అంకె మారితే పందొమ్మిది సంచుల దాణా కరిగిపోయిందన్నమాట. కంపెనీ ముందుగా ఒక ప్రమాణ ఖర్చు పెట్టుకుంటుంది. ఖర్చు దానికి తగ్గితే రైతుకు ప్రోత్సాహకం, మించితే చార్జీలో కోత.

ఈ అంకె ఎందుకు పెరుగుతుంది? వచ్చిన పిల్లలు బలహీనమైనవి కావచ్చు. దాణా నాణ్యత తగ్గి ఉండవచ్చు. ఎండలు ముదిరి ఉండవచ్చు. మార్కెట్టులో ధర పడిపోయి కంపెనీ ఎత్తడం ఆలస్యం చేసి ఉండవచ్చు. వయసు ముదిరిన కొద్దీ కోడి తిన్న దాణాకు తగ్గ బరువు పెరగదు. చివరిగా, రైతు అశ్రద్ధ చేసి ఉండవచ్చు. ఐదు కారణాలలో చివరిది అతని చేతిలో ఉన్నది. ఎండ విషయంలో కొంత ఉన్నది. మిగతా మూడూ కంపెనీవి. కొన్ని ఒప్పందాలు బరువును బట్టి కొంత సర్దుబాటు చేస్తాయి. చేసినా, ఏ కారణం వల్ల ఎంత పోయిందో విడదీసి చూపే గడి ఆ కాగితంలో లేదు. అంకె ఒకటే, దాని పక్కన రైతు పేరు ఒకటే.

స్వతంత్రత ఇక్కడ బాధ్యతగా రూపం మారుతుంది. "నీ షెడ్డు, నీ పని, నీకు ఎవరూ అడ్డుచెప్పలేదు. కనుక ఫలితం నీది" అని లెక్క చెబుతుంది. రైతు కూడా తన మనసులో అదే అంటాడు. చార్జీ తగ్గిన బ్యాచి తరువాత చాలామంది కంపెనీని తిట్టడానికి ముందు, ఆ మూడో వారం రాత్రి తాను నిద్రపోయిన సంగతిని తలచుకుంటారు. పక్క ఊరివాడికి మంచి అంకె వచ్చిందని తెలిస్తే ఆ బాధ రెట్టింపు అవుతుంది.

4. సిద్ధాంతం ఏమంటుంది?

ఈ పరిస్థితికి దగ్గరగా ఉన్న విశ్లేషణ 1867లోనే వచ్చింది. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పీసురేటు కూలిని గురించి చెబుతూ మార్క్స్ రెండు సంగతులను గమనించాడు. పని నాణ్యతను, వేగాన్ని వేతన రూపమే అదుపు చేస్తుంది గనుక మేస్త్రీ అవసరం చాలావరకు తగ్గిపోతుంది. ఆ కూలి పద్ధతి కార్మికుడిలో వ్యక్తిత్వాన్ని, స్వేచ్ఛాభావాన్ని, స్వీయ అదుపును పెంచుతూనే కార్మికుల మధ్య పోటీని కూడా పెంచుతుంది. ఇక్కడ ఆయన స్వేచ్ఛాభావం అబద్ధమని అనలేదు. అది పెరుగుతుందనే అన్నాడు. అది పెరగడానికీ దోపిడీ సులువు కావడానికీ మూలం ఒక్కటే అని చూపాడు. మన యువ విమర్శకులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని నా విన్నపం.

హారీ బ్రేవర్‌మన్ 1974లో ప్రచురించిన గ్రంథంలో, పెట్టుబడి పనిని ఆలోచన, ఆచరణ అని రెండుగా చీల్చి ఆలోచనను తనవైపు లాక్కుంటుందని వివరించాడు. కోళ్ళ ఒప్పందానికి ఇది చాలావరకు వర్తిస్తుంది. జాతి, దాణా, మందు గురించిన ఆలోచనంతా ప్రయోగశాలకూ కార్యాలయానికీ పోయింది. కాని పూర్తిగా వర్తించదు. ఇనుప ముక్కను కార్ఖానాలో ఏ గంటకు ఎలా తిప్పాలో ముందే నిర్ణయించవచ్చు. ప్రాణమున్న జీవి అలా లొంగదు. గాలి మళ్ళుతుంది, కరెంటు పోతుంది, ఒక పక్షి దగ్గుతుంది. ఆ క్షణంలో అక్కడ ఉన్న మనిషికి కన్ను, చెవి, బుద్ధి, పట్టింపు అన్నీ ఉండాలి. నెలజీతగాడి చేత ఆ పట్టింపును రాత్రింబవళ్ళు కొనాలంటే కంపెనీకి తడిసి మోపెడవుతుంది. యజమానిననుకునే మనిషి దానిని లెక్కకట్టకుండా ఇస్తాడు. అతనికి మూడవ అంతస్తులో స్వతంత్రతను వదిలిపెట్టడానికి కారణం ఇదే.

జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1998లో రాసిన ఒక వ్యాసంలో ఇదే కోళ్ళ ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకుని, పేరుకు కొన్ని ఉత్పత్తి సాధనాలు తనవే అయినా రైతు శ్రమక్రమం మీద, ఉత్పత్తి మీద అదుపు కోల్పోయి శ్రామికుడిగా మారుతున్నాడని వాదించాడు. ప్రధానంగా నేను దీనితో ఏకీభవిస్తాను. మన నేల మీద దీనికి ఒకటి చేర్చాలి. ఇతని శ్రామికత్వం సొంత ఆస్తి ద్వారానే బిగుసుకుంటుంది. ఫ్యాక్టరీ కార్మికుడు పనిచేసే యంత్రం ఆగిపోతే దాని మీద వడ్డీ యజమాని కడతాడు. ఇక్కడ షెడ్డు ఖాళీగా ఉంటే వడ్డీ పనిచేసేవాడే కట్టాలి.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో పక్షుల జ్వరం బయటపడినప్పుడు, 2020లో కోడిమాంసంతో కరోనా వస్తుందనే వదంతి పుట్టినప్పుడు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో పక్షుల జ్వరం వచ్చినప్పుడు కోడి ధరలు కూలిపోయాయి. ఒప్పందంలో ధరపడే నష్టం కంపెనీది అంటారు. నిజమే. కాని ధర పడినప్పుడు కంపెనీ కొత్త పిల్లలను వేయడం తగ్గించుకోగలదు. ఖాళీ షెడ్డు నష్టం మాత్రం రైతుది. చార్జీ పెంచాలని కోరుతూ రైతులు చేయగలిగిన సమ్మె కూడా పిల్లలను దించుకోకపోవడమే. అంటే తమ షెడ్లను తామే ఖాళీగా పెట్టుకోవడం. ఆయుధం ఎదుటివాడికి తగలకముందే పట్టుకున్న చేతిని కోస్తుంది.

ఇప్పుడు ఈ మూడవ అంతస్తు కూడా కదులుతున్నది. నాలుగువైపులా మూసి, పంకాలతో, తడి ప్యాడ్లతో చల్లబరిచే పెద్ద షెడ్లు వస్తున్నాయి. పరదా దించే పని అక్కడ లేదు. వేడి, తేమ మీటలు చూసుకుంటాయి. తేడా వస్తే ఫోను మోగుతుంది. శారీరక శ్రమ తగ్గుతుంది. అది మంచిదే. కాని అప్పు అనేక రెట్లవుతుంది, రైతుకు ప్రత్యేకంగా తెలిసినదంటూ మిగిలేది తగ్గుతుంది.

5. స్వతంత్రుడి వెనుక ఉన్నవారు

ఇంతదాకా రైతును ఒంటరి మనిషిగా మాట్లాడాను. షెడ్డులో అతడు ఒంటరిగా ఉండడు. ఒప్పందం మీద సంతకం భర్తది. పొద్దున నీళ్ళ తొట్లు కడిగేది, చచ్చిన పిల్లలను ఏరేది, అతడు బయటికి పోయినప్పుడు మోటారు వేసేది చాలా ఇళ్ళలో భార్య. ఆమె శ్రమకు లెక్క కాగితంలో గడి లేదు. "నేనెవ్వర్నీ అడగ" అనే వాక్యాన్ని ఆమె అనగలదా అని కథకుడు ఆలోచించాలి.

కొంచెం పెద్ద షెడ్లలో పక్కన చిన్న గదిలో ఒక జంట కాపురం ఉంటుంది. తరచు ఒడిశా నుంచో, బీహారు నుంచో వచ్చినవారు. రాత్రి రెండుగంటలకు లేచేది అక్కడ వాళ్ళే. రైతు కంపెనీకి శ్రామికుడు, ఈ జంటకు యజమాని. కంపెనీ కోసిన చార్జీని అతడు వాళ్ళ జీతంలో కోసుకుంటాడు. అతని పని స్వతంత్రత కొంతమేరకు వాళ్ళ అస్వతంత్రత మీద నిలిచి ఉన్నది. అతన్ని కేవలం బాధితుడిగా చిత్రించిన కథల్లో ఈ జంటకు చోటు దొరకకపోవడం సహజమే. వాళ్ళకు చోటిస్తే ఆ చిత్రం నిలవదు.

6. పేరులో ఏమున్నది?

ఇతన్ని రైతు అందామా, కార్మికుడు అందామా అనేది పండితుల చర్చగా తోచవచ్చు. కాని పేరును బట్టి హక్కు ఉంటుంది. బీడీలు చుట్టే స్త్రీ ఇంట్లో కూర్చుని, తనకు వీలైన గంటల్లో, తన చాటలో పని చేస్తుంది. ఆకు, తంబాకు గుత్తేదారువి. బాగాలేవని వాడు తీసి పారేసిన బీడీలకు కూలి లేదు. ఆమె కూడా స్వతంత్రురాలే గదా అని యాజమాన్యాలు చాలాకాలం వాదించాయి. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా ఉద్యోగులుగా గుర్తించింది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

అంతకు ముందు సంవత్సరమే, 1973లో, అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, పీసురేటు మీద కుట్టే దర్జీలు ఉద్యోగులేనని అదే కోర్టు తీర్పు చెప్పింది. వాళ్ళు వేళకు రావాలనే కట్టుదిట్టం లేదు. కాని కుట్టినది బాగాలేదని తిప్పికొట్టే హక్కు దుకాణానికి ఉన్నది. ఆ హక్కే అదుపునకు గుర్తు అన్నది కోర్టు. పక్కన నిలబడి చూడకపోయినా అదుపు ఉండవచ్చుననే ఈ సూత్రం మన చర్చకు ఎంతో విలువైనది. దర్జీల మిషన్లు దుకాణానివి, కోళ్ళ షెడ్డు రైతుది అనే తేడా ఉన్నది. అందువల్ల ఆ తీర్పును ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించలేం. కాని అదుపును ఎక్కడ వెతకాలో అది నేర్పుతుంది.

కోళ్ళ ఒప్పందం విషయంలో చట్టం వేరే దారి పట్టింది. కోళ్ళ పెంపకాన్ని కూడా కలుపుకుని 2020లో కేంద్రం తెచ్చిన ఒప్పంద వ్యవసాయ చట్టం, రైతును కంపెనీతో సమానమైన పక్షంగా భావించి, వివాదాలను సివిలు కోర్టుకు కాక సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు ముందుకు పంపింది. రైతు ఉద్యమం ఫలితంగా అది 2021లో రద్దయింది. బీడీ కార్మికురాలిని గురించి అడిగిన ప్రశ్నను, అంటే ఇతని శ్రమ ఎవరి అదుపులో ఉన్నది అనే ప్రశ్నను, ఆ చట్టం అడగనే లేదు. సమాన పక్షం అనుకుంటే అతనికి కావలసినది సబ్సిడీ, బీమా. శ్రామికుడు అనుకుంటే కావలసినవి వేరే: కనీస పెంపకం చార్జీ, ఏడాదికి ఇన్ని బ్యాచులన్న హామీ, ఖాళీ కాలానికి పరిహారం, పిల్లల, దాణా నాణ్యతను పరీక్ష చేయించుకునే హక్కు, రైతుల ఎదుట కాటా, కారణాలను విడదీసి చూపే లెక్క. ఈ రెండవ జాబితా అతనికి స్పష్టంగా తట్టకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. తాను యజమానిననే భావం దానికి అడ్డు నిలుస్తున్నది.

7. రచయిత ఏం చేయాలి?

పరిష్కారాలు చూపమని నేను కథకులను అడగడం లేదు. పనిని చూపమంటున్నాను. మన కథల్లో నాగలి పట్టే తీరు, నాటు వేసే వరుస, మగ్గం మీద పడుగు సాగే పద్ధతి అక్షరరూపం దాల్చాయి. వాటి వల్లనే ఆ పాత్రలు మనకు నమ్మదగినవయ్యాయి. బ్రూడరు కింద పిల్లలు పరుచుకున్న తీరును చదవగలిగిన కన్ను ఇంకా మన కథలోకి సరిగా రాలేదు. ఆ కన్ను వస్తే పాత్ర గౌరవం తనంతట తానే వస్తుంది.

అలా వచ్చినప్పుడు వైరుధ్యం కూడా బయటి నుంచి తెచ్చి పెట్టనక్కరలేదు. ఎంత నేర్పుగా, ఎంత స్వతంత్రంగా పని చేస్తాడో అంత నమ్మకంగా ఆ ఫలితాన్ని తన తప్పుగానో తన గొప్పగానో భావించే మనిషి; ఆ భావం వల్లనే కంపెనీని ప్రశ్నించలేని మనిషి; అదే సమయంలో తన పక్క గదిలోని జంటను ప్రశ్నించే మనిషి. ఈ మూడూ ఒకే పాత్రలో, ఒకే బ్యాచి నలభై రోజులలో చూపవచ్చు. ఇందులో ప్రతినాయకుడు గ్రామంలో కనిపించడు. మోటారు సైకిలు మీద వచ్చే సూపర్‌వైజరు కూడా లక్ష్యాల కింద నలిగే నెలజీతగాడే. అతన్ని దుష్టుడిగా చిత్రిస్తే సులువుగా ఉంటుంది గాని వాస్తవం జారిపోతుంది.

'యజ్ఞం'లో అప్పు తరతరాల బానిసత్వంగా మారే క్రమాన్ని కారా మాస్టారు పద్దుల లెక్కలతో సహా పాఠకుల ముందు పెట్టారు. లెక్కలు కథకు బరువవుతాయని ఆయన జంకలేదు. పెంపక రైతు కథ రాయదలచిన యువ రచయితలు ముందుగా ఒక బ్యాచి లెక్క కాగితాన్ని సంపాదించి, రైతు పక్కన కూర్చుని, ప్రతి అంకెకూ కారణం అడుగుతూ చదవాలి. అందులో అతడు "ఇది నా వల్ల" అన్న అంకెలు ఏవో, అతని భార్య "కాదు" అన్నవి ఏవో రాసుకోవాలి. కథావస్తువు ఆ రెండు మాటల మధ్య ఉన్నది.